తోడల్లుడి చేలో తీపికండెలు

ఓర్వలేక చేసిన ప్రయాణం ఇది. తీర్థయాత్ర అనుకుని చదవడం మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను వెళ్లింది దేవుణ్ణి చూడటానికి కాదు, మా తోడల్లుడి చేను చూడటానికి. అందులో ఎక్కడో ఒకచోట లోపం దొరక్కపోతుందా అనే ఆశతో వెళ్లాను.

మాది పొన్నూరు పక్కన మాగాణి. వరి కోశాక ఆ దుబ్బుల మధ్యనే, దున్నకుండా మొక్కజొన్న పెట్టడం మా ఊరందరికీ అలవాటు. అందరిలాగా నేనూ కోళ్ల మేతకి పోయే మామూలు మొక్కజొన్నే ఎందుకు పండించాలని, కిందటి ఏడు గట్టు వెంబడి ఓ పొడుగాటి చెక్కలో స్వీట్ కార్న్ వేశాను. గుంటూరులో కొనేవాణ్ణి కూడా చూసుకున్నాను. నాలుగు కోతలు కాకముందే అతను ఇక వద్దన్నాడు. ఆ అవమానం కార్తీకమాసం దాకా కడుపులోనే పెట్టుకుని, వరి కోతలు మొదలయ్యేలోపు మళ్లీ అడిగి చూద్దామని ముందు గుంటూరు బయల్దేరాను.

బ్రాడీపేట

నా సరుకు వద్దన్న మస్తాన్ బండి ఇక్కడి కోచింగ్ సెంటర్ల సందు మొదట్లో ఉంటుంది. గంట కొట్టగానే పిల్లలు బిలబిలా వచ్చి చుట్టూ మూగుతారు. గింజలు ఒలిచి, వెన్న, ఉప్పు, కారం కలిపి కప్పుల్లో పోసిస్తాడు. కప్పు నలభై రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకి ఇద్దరు టిఫిను చేస్తారు. ఇక్కడి పిల్లలు ఫోను చూసుకుంటూ, ఏం తింటున్నారో చూడకుండానే తినేస్తారు.

"ఏం మస్తాన్, ఈ ఏడు మా కండెలు తీసుకుంటావా?" అన్నాను, రద్దీ తగ్గాక.

అతను గిన్నె మూత తీసి, పొగలు కక్కే కండె ఒకటి ఆకులో పెట్టి ఇచ్చాడు. "ముందు తినండి సాంబయ్యగారూ, తర్వాత మాట్లాడుకుందాం."

కొరికాను. పాలు చివ్వున చిమ్మి చొక్కా మీద పడ్డాయి. గింజ పళ్లకి తగలగానే చిట్లిపోతోంది. చివరిదాకా ఒక్క గింజ కూడా తప్పకుండా నిండుగా ఉంది. తింటున్నంతసేపూ నా కండెలు గుర్తొచ్చాయి. సగం దాకా గింజలుండి, చివర బోసినోరులా ఉండేవి అవి.

"మీవి పిండి పిండిగా ఉంటాయండి," అన్నాడు మస్తాన్. "ఉడికేకొద్దీ గట్టిపడతాయి. పిల్లలు ఓ చెంచా తిని నా బండి ముందే పారేసి పోతున్నారు. నా పరువేం కావాలి చెప్పండి?"

"ఇవెక్కడివి?"

"దర్శి వైపువండి. శ్రీనివాసరావు గారని, మంచి మనిషి. తెల్లారేసరికి బస్సులో వేసి పంపుతాడు."

ఆ శ్రీనివాసరావు మా శ్రీనుయే, మా ఆవిడ చెల్లెలు సుజాత మొగుడు. మిరప, పత్తి తప్ప మరోటి ఎరగని మెట్ట ఊరు వాళ్లది. కాలువ లేదు, చెరువు లేదు, ఉన్నదల్లా ఒక బోరు. కాలువ గట్టున కూర్చున్న నాకు చేతకానిది వాడికి చేతనైంది. పైగా, నేను పోగొట్టుకున్న బండి దగ్గరే వాడు నిలబడ్డాడు.

"ఆయన వేసవిలో పెట్టలేడంటండి, బోరు అందదంట," అన్నాడు మస్తాన్, నా ముఖం గమనించకుండానే. "అప్పటికి మీరు ఇలాంటివి తేగలిగితే మీవే తీసుకుంటాను. పిండి కండెలైతే మాత్రం ఇక్కడిదాకా మోసుకు రావొద్దు. ఈసారి తేడా వస్తే మళ్లీ నన్ను అడగొద్దండీ."

మా ఆవిడ అరుణకి ఫోన్ చేశాను. "వెళ్లి చూసి రండి. అడిగితే చెబుతాడు," అంది.

"నేనా? వాణ్ణి అడగాలా?"

"అయితే అడక్కుండానే చూసి రండి. ఎలాగూ కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నారుగా, ఆ వెలుతుర్లో బాగానే కనపడుద్ది," అని పెట్టేసింది.

చిలకలూరిపేట దారిలో

బస్సు నల్లపాడు దాటేదాకా అందరం తుమ్ముతూనే ఉన్నాం. గుంటూరు గాలిలో మిరపఘాటు ఎప్పుడూ ఉండేదే. కొత్తవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు, ఊరివాళ్లు తుమ్మి నవ్వుకుంటారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ పత్తి తీతకి వెళ్లి వస్తోంది. చీర కుచ్చెళ్లకి ఇంకా పత్తిపోగులు అంటుకుని ఉన్నాయి. పేరు మరియమ్మ అని చెప్పింది, నేను అడక్కముందే.

చిలకలూరిపేటలో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు కొన్నాను. మా వైపు బజ్జీలో వాము, చింతపండు కూరి కారం చంపేస్తారు. ఇక్కడ అలాంటి దయాదాక్షిణ్యాలేమీ లేవు. ఒక్కటి తినేసరికి కళ్లనీళ్లు వచ్చాయి. మరియమ్మకి ఒకటి ఇచ్చాను. ఆవిడ శనగపప్పు నమిలినంత తేలిగ్గా నమిలేసింది.

"గుంటూరులో ఎక్కిన కాడి నుంచీ చూస్తున్నా, మొహం అట్టా పెట్టావేంది నాయనా? ఎవరన్నా పోయారా?" అంది.

"లేదమ్మా. ఒకడు బాగుపడ్డాడు."

"నీవాళ్లా, పైవాళ్లా?"

"నావాళ్లే. తోడల్లుడు."

"అయితే మరీ కష్టం," అంది ఆవిడ, పరామర్శకి వచ్చినంత మనస్ఫూర్తిగా. "పైవాడైతే నాలుగు రోజుల్లో మర్చిపోవచ్చు. సొంతవాడు పండక్కీ పబ్బానికీ ఎదురుగుండా కూర్చుని అన్నం తింటాడు." ఆ తర్వాత అద్దంకి దాకా తన తోడికోడలి సంగతులు చెప్పుకొచ్చింది. వాళ్ల గేదె ఇచ్చే పాల గురించి చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఉన్న మంట చూస్తే నాకు కొంచెం హాయిగా అనిపించింది. లోకంలో నేనొక్కణ్ణే కాదు.

కిటికీ లోంచి చూస్తే దారి పొడుగునా నల్లరేగడి, పగిలిన పత్తికాయలు, మిరప చేలు. మా వైపు పొలంలో ఎటు చూసినా నీళ్లు మెరుస్తుంటాయి. ఇక్కడ నేల మీద ఎక్కడా మెరుపు లేదు. ఇలాంటి చోట వీడెలా పండించాడా అని మంట ఇంకాస్త పెరిగింది.

దర్శి దగ్గర మెట్ట

అరుణ ఫోన్ చేసి చెప్పినట్టుంది, శ్రీను బస్టాండుకి మోటారు సైకిల్ మీద ఎదురొచ్చాడు. "రా అన్నయ్యా! ముందే చెబితే సుజాత కోడిని కోయించేదిగా," అన్నాడు. అసలు ఎందుకొచ్చావని అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి ఒక అబద్ధం తయారుగా ఉంచుకున్నాను, అది వృథా అయింది.

వాళ్లింట్లో కాళ్లు కడుక్కోవడానికి సగం బకెట్ నీళ్లు పెట్టారు. నేను మాగాణి మనిషిని, నాకు ఆ సగం బకెట్ మోకాలిదాకా కూడా రాలేదు. పక్కనే కుళాయి కనిపిస్తే తిప్పి, తీరిగ్గా కాళ్లూ ముఖం కడుక్కుని, కట్టడం మర్చిపోయి లోపలికి వచ్చేశాను. సుజాత పరుగున వెళ్లి కట్టి వచ్చింది. "బావా, మీ ఊరి నీళ్లు మీతోపాటు తెచ్చుకోలేకపోయారా?" అని నవ్వింది.

మజ్జిగ తాగగానే శ్రీను చేలోకి తీసుకెళ్లాడు. నేను అడక్కుండానే తీసుకెళ్లాడు. వాడు ఏదన్నా దాచి ఉంటే, పీనాసివాడని ఇంటికెళ్లి అరుణకి చెప్పుకునేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

మొక్కలన్నీ ఒకే ఎత్తున, ఒకే ఆకుపచ్చలో నిలబడి ఉన్నాయి. నాలాగా పొడుగాటి చెక్కలా కాకుండా, చదరంగా పలకలు పలకలుగా వేశాడు. పైన పూత కుచ్చు నుంచి పుప్పొడి రాలి కండె పీచు మీద పడితేనే గింజ కడుతుందని, మొక్కలు గుంపుగా ఉంటే ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అందుతుందని చెప్పాడు. నాలుగు వరుసల చెక్క అయితే గాలి దాన్ని బయటికి ఎత్తుకుపోతుందట. నా కండెల బోసినోటికి కారణం అది.

గుంటకి ఒక్క మొక్కే ఉంచాడు. నేను 'పోతే ఒకటన్నా బతుకుతుంది' అని గుంటకి మూడేసి గింజలు వేసి, మూడూ మొలిస్తే పీకడానికి మనసొప్పక వదిలేశాను. యూరియా వాడు విడతలుగా వేస్తాడు, నేను ఒకేసారి చల్లి చేతులు దులుపుకున్నాను. పీచు వచ్చే రోజుల్లో వాడు డ్రిప్పు ఆపడు. నేను ఆ రోజుల్లోనే కాలువ వంతు తప్పిపోయి, ఎండిన చేలో తర్వాత ఒకేసారి నిండా నీళ్లు పెట్టాను. వాడు మంచు ఆరకముందే కోస్తాడు. నేను మిట్టమధ్యాహ్నం కోసి, మూటలు కట్టి, మర్నాడు తీరిగ్గా ఎక్కించాను. కోసిన దగ్గర్నుంచీ తీపి తగ్గిపోతూనే ఉంటుందట.

ఒక్కోటి వింటుంటే చెంపదెబ్బలు తింటున్నట్టే ఉంది. అయినా ఊ కొడుతూ, ఇవన్నీ నాకు ముందే తెలుసన్నట్టు ముఖం పెట్టాను.

"అసలు సంగతి అది కాదన్నయ్యా," అన్నాడు శ్రీను. "మీ ఊళ్లో చుట్టూ అందరిదీ మామూలు మొక్కజొన్నేగా? నువ్వూ వాళ్లతోపాటే పెట్టుంటావు."

"పెడితే?"

"వాళ్ల పుప్పొడి వచ్చి నీ పీచు మీద పడుద్ది. అప్పుడు నీ గింజ కూడా పిండి గింజే అవుద్ది. విత్తనం తప్పు కాదది. ఊరందరి పూతా రాలిపోయాక నీ పీచు రావాలి. ఒక నెల ఆగి పెట్టు, సరిపోద్ది."

విత్తనాల కొట్టువాణ్ణి నేను ఏడాదిగా తిడుతున్నాను.

వాళ్ల ఊళ్లో మొక్కజొన్న పంటగా ఎవరూ పెట్టరు. కానీ మిరప చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్నో మొక్కజొన్నో పెట్టడం ఈ వైపు పద్ధతి. ఎగిరొచ్చి మిరప పూత పాడుచేసే తామర పురుగు ముందు ఆ వరుసల మీద ఆగిపోతుందని. అందుకని శ్రీను ఏటా పక్క చేలవాళ్లందరికీ తనే జొన్న విత్తనాలు ఇస్తాడట, మొక్కజొన్న పెట్టకుండా. జొన్న పుప్పొడితో తన కండెలకి ఏ బాధా లేదు.

ఏసోబు మిరపచేను

భోజనాలకి ముందు ఊరికే తిరిగొస్తానని ఒక్కణ్ణే బయల్దేరాను. నిజానికి అప్పటికీ లోపం కోసమే వెతుకుతున్నాను. పక్కన మిరపచేలో అడుగుపెట్టగానే నల్లరేగడి నా చెప్పుని మింగేసింది. ఒంటికాలి మీద నిలబడి లాక్కుంటుంటే, "ఒరేయ్ ఎవుర్రా నువ్వు, నా మిరప తొక్కుతున్నావు!" అని ఒక కేక.

చేను ఆసామి ఏసోబు. శ్రీను బంధువునని చెప్పగానే, "అట్టా చెప్పవేందయ్యా!" అని తనే వచ్చి చెప్పు లాగిపెట్టాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన నడిపించే గొంతట, మామూలుగా మాట్లాడినా అవతలి గట్టుకి వినపడుతుంది. నల్ల తామర పురుగుకి కిందటిసారి పూత మొత్తం పోగొట్టుకున్నాడు. ఈసారి చేను చుట్టూ కాపలా వరుసలు దట్టంగా పెట్టానని చూపించడానికి, చివరిదాకా తీసుకెళ్లాడు.

శ్రీను చేను వైపు ఉన్నది జొన్నే. ఈశాన్యం మూలకి వెళ్లేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ఛాతీ ఎత్తున ఉన్న ఆ మొక్కల కాండం మీద జొన్నకి ఉండే తెల్లటి బూడిద లేదు. ఆకు వెడల్పుగా ఉంది. కొసన ముడుచుకుని ఉన్న మొవ్వు విప్పి చూశాను. లోపల మొక్కజొన్న పూత కుచ్చు, రేపో ఎల్లుండో బయటికి రావడానికి సిద్ధంగా ఉంది.

"ఇది జొన్న కాదుగా ఏసోబూ?"

"శీను ఇచ్చిన ఇత్తనాలు ఈ మూలకి చాల్లేదు. కొట్లో మొక్కజొన్న దొరికితే పెట్టా. పురుగుని ఆపడానికి ఏదైతే ఏంది?"

"వాడికి చెప్పావా?"

"చెప్పేదానికి ఇందులో ఏముంది?"

తల ఎత్తి చూశాను. కార్తీకమాసం గాలి ఈశాన్యం నుంచి, సరిగ్గా ఆ మొక్కల మీదుగా, శ్రీను చేను వైపు వీస్తోంది. అక్కడ కొత్త పలకలో పీచు అప్పుడే తొంగిచూస్తోంది. మధ్యలో మిరప, జొన్న అడ్డం ఉండటంతో శ్రీనుకి ఈ మూల కనపడదు.

లోపం దొరికింది. నేను వచ్చిన పని అయిపోయింది.

భోజనంలో సుజాత లేత కండెల గింజలు రుబ్బి గారెలు వేసింది. పక్కన కొత్త పండుమిరపకాయ పచ్చడి. మా ఇంట్లో గారె అంటే మినపగారే. ఇవి నోట్లో తియ్యగా మొదలై, పచ్చడి తగలగానే మండి, ఇంకోటి తినాలనిపిస్తాయి. నేను లెక్క చూసుకోకుండా తిన్నాను, తింటున్నంతసేపూ నోరు విప్పలేదు. నేనేమీ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు. రాబోయే కోతలో మస్తాన్ గిన్నెలోకి శ్రీను కండెలు కూడా పిండిగా వెళతాయి. అప్పుడు ఇద్దరం ఒకటే అవుతాం. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో దాచుకోను, గారె కంటే రుచిగా ఉంది.

పొద్దున్నే

బస్సుకి బయల్దేరుతుంటే శ్రీను ఒక సంచీ తెచ్చాడు. మంచు తడి ఆరని కండెలు, అరుణ కోసం. "వదిన్ని ఇవ్వాళే ఉడకబెట్టమను," అన్నాడు. తర్వాత కొంచెం మొహమాటపడుతూ, "నిన్న మస్తాన్‌తో మాట్లాడానన్నయ్యా. వేసవి సరుకు మా అన్నయ్యదే తీసుకో, ఆయన కండెలకి నాది పూచీ అని చెప్పాను," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చేను వాడిదే బాగుంది, కండె వాడిదే తియ్యగా ఉంది, బండి వాడిదే అయింది. ఇప్పుడు మంచితనం కూడా వాడికే ఉండాలా? అది మాత్రం ఒక్కడి సొంతం కానిచ్చేది లేదనుకున్నాను.

"నా కండెల పూచీ తర్వాత, ముందు నీ చేను చూసుకోరా!" అని అరిచాను. "ఏసోబు ఈశాన్యం మూల పెట్టింది మొక్కజొన్న. పూత కుచ్చు మొవ్వులోంచి ఇవ్వాళో రేపో బయటికొస్తుంది. గాలి ఎటు ఉందో చూశావా?"

శ్రీను మొహం పాలిపోయింది. సంచీ అక్కడే పెట్టి పరుగెత్తాడు, వెనక నేను.

ఏసోబు కొరకరాని కొయ్యలా నిలబడ్డాడు. "పీకేస్తారా? నా మిరపకి దిక్కెవురు? పోయినేడు నేను ఏడ్చింది చాలదా?" అని ఊరంతా వినపడేలా అరిచాడు. శ్రీను బతిమాలాడు. కొత్తగా జొన్న పెట్టించినా అది పెరిగేసరికి మిరప కోత అయిపోతుంది. ఇద్దరూ మాట పెంచుకుంటున్నారు.

అప్పుడు నాకు మా ఊరి వైపు విత్తనం కోసం వేసే మొక్కజొన్న చేలు గుర్తొచ్చాయి. అక్కడ కూలీలు విత్తనం కట్టాల్సిన ఆడ వరుసల్లో పూత కుచ్చులు మాత్రం పీకేసి, మొక్కని నిలబెట్టే ఉంచుతారు. "మొక్కలు ఎవరూ పీకొద్దు. కుచ్చులు మాత్రం లాగేద్దాం. ఏసోబు కాపలా ఏసోబుకి ఉంటుంది," అన్నాను.

ఏసోబు ఒక మొక్క ఆకు నిమిరి, "ఆకు తెగకూడదు మరి," అన్నాడు. ముగ్గురం దిగాం. మొవ్వు చీల్చి, కుచ్చుని మొదట్లో పట్టుకుని పైకి లాగితే కిర్రుమని ఊడి వస్తుంది. ఆకుల అంచులకి చేతులు గీరుకుపోయాయి, మెడంతా దురద. ఏసోబు ఏదో ప్రార్థన పాట కూనిరాగం తీస్తూ మా ఇద్దరికంటే ముందు వెళ్లిపోయాడు.

"మరి మీ తీపి పుప్పొడి నా కండెల మీద పడితే అవీ తియ్యగా ఉంటాయా?" అన్నాడు చివర్లో.

"ఉండవు ఏసోబన్నా," అన్నాడు శ్రీను. "ఎటు కలిసినా పిండిదే పైచేయి."

"ఇదేం న్యాయమయ్యా!" అని నవ్వాడు ఏసోబు.

శ్రీను కూడా నవ్వాడు కానీ, ఎక్కువసేపు నవ్వలేదు. నన్ను బస్సెక్కించేటప్పుడు చెయ్యి పట్టుకున్నాడు.

తిరిగొచ్చాక

దారిలో బ్రాడీపేటలో దిగి మస్తాన్‌కి నా మాట చెప్పాను. ఊరందరికంటే నెల ఆలస్యంగా, చదరం పలకల్లో, గుంటకి ఒక్క మొక్క. "పీచు ముదిరే టైముకి కబురు చెయ్యండి, నేనే వచ్చి చేలో తిని చూస్తాను," అన్నాడు. నెల ఆగితే చివరి తడికి కాలువలో నీళ్లుంటాయా అనే భయం ఒకటి ఉంది. అయినా సరే, ఈసారి స్వీట్ కార్నే పెడుతున్నాను.

ఇంటికి వచ్చేసరికి అరుణ గుమ్మంలోనే ఉంది. సంచీ అందుకుని, కండెలు పొయ్యి మీద పెట్టింది. వాళ్ల చేను ఎలా ఉందని అడిగింది. అబద్ధం ఆడదామని నోరు తెరిచి, "మనదానికంటే చాలా బాగుంది," అన్నాను.

"సుజాత ఫోన్ చేసిందిలెండి," అంది ఆవిడ, మంట తగ్గిస్తూ. "మీరు బస్సెక్కిన కాడి నుంచీ శ్రీను గట్టు మీద మొహం మాడ్చుకుని కూర్చున్నాడంట. రోజూ తిరిగే చేను, నా కళ్లకి కనపడంది ఒక్కపూట వచ్చిన ఆయనకెట్టా కనపడిందే, ఆ ఉపాయం నాకెందుకు తట్టలేదే అని ఒకటే గొణుగుడంట. అన్నం ముందు కూర్చోబెడితే సగం వదిలేసి లేచాడంట."

నేను పీట దగ్గరికి లాక్కుని, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అన్నం దగ్గర ఏమైందన్నావు? అది ఇంకోసారి చెప్పు," అన్నాను.